హలీనా పెళ్లిలో లంచ్ పెయిల్స్

హలీనా రూజిక్‌కు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎవరూ పట్టించుకోని దాన్ని తీసుకొచ్చి నెత్తిన పెట్టుకుంటుంది. బడిలో ఎవరితోనూ కలవని పిల్ల కనిపిస్తే పోయి దాని పక్కనే కూర్చునేది. ఐస్ హాకీలో ఎప్పుడూ ఓడిపోయే జట్టుకే ఈలలు వేసేది. బార్టన్ వీధిలో ఉన్న బేకరీలన్నింటిలో జనం లేని బేకరీని వెతికి పట్టుకుని, "ఈ రొట్టె రుచి మీకెవరికీ తెలీదు" అంటూ ఇంటికొచ్చి వాళ్లమ్మతో పోట్లాడేది. తీరా ఆ రొట్టె నమిలితే దవడలు పీకేవి. అందుకే లంచ్ పెయిల్స్ అనే బ్యాండ్ గురించి ఆమె మొదటిసారి మాట్లాడినప్పుడు ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. మరో గట్టి రొట్టె దొరికిందనుకున్నారు.

ఆ రోజుల్లో కెనడాలోని మా హ్యామిల్టన్‌లో ప్రతి ఇంటి నుంచీ ఉక్కు ఫ్యాక్టరీకి ఒకడైనా వెళ్లేవాడు. రూజిక్ ఇంట్లో ఆ ఒక్కడు హలీనా నాన్న బ్రోనెక్. ఇరవై ఏళ్లకు పైగా కొలిమి ముందు నిలబడి, కనుబొమ్మలు సగం కాల్చుకుని, లోకంలో తనకు తెలియని సంగతి లేదనే నిర్ణయానికి వచ్చినవాడు. హలీనా మాత్రం వాషింగ్ మెషిన్లు తయారుచేసే చోట చేరింది. బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వచ్చే మెషిన్లకు మోటార్లు బిగించాలి. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు సరికదా, తన ఆలోచన తనకే వినపడదు. ఇంటికొచ్చాక కూడా చెవిలో జోరీగ దూరినట్టే ఉండేది.

1977లో, ఒక శుక్రవారం సాయంత్రం, పని దిగి నడిచి వస్తుంటే టైర్లు మార్చే షెడ్డులోంచి ఆమెకు ఒక హోరు వినిపించింది. మొదట ఏదో యంత్రం చెడిపోయిందనుకుంది. రెండడుగులు వేశాక, యంత్రం ఇంత కోపంగా ఉండదని తోచి వెనక్కి వచ్చి తలుపు సందులోంచి చూసింది. లోపల టైర్ల గుట్టల మధ్య ముగ్గురున్నారు. పొడుగ్గా, బక్కగా ఉన్న కుర్రాడొకడు గిటారు వాయిస్తూ మైకులో అరుస్తున్నాడు. వాడి పక్కన పొట్టి జుట్టు అమ్మాయి ఇంకో గిటారును చీపురుతో బూజు దులిపినట్టు దులుపుతోంది. వెనక ఒక లావుపాటి కుర్రాడు డ్రమ్ముల మీద పగబట్టినట్టు కొడుతున్నాడు. పాట మొదలైందని తెలిసేలోపే అయిపోయింది. ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి మొదలైంది.

హలీనా చేతిలో సంచి కింద పెట్టేసింది. ఎందుకు నచ్చిందని తర్వాత ఎవరడిగినా ఆమె చెప్పే జవాబు ఒక్కటే. ఫ్యాక్టరీ రోజంతా ఆమె మీద అరిచేది. ఆమె తరఫున తిరిగి అరిచినవాళ్లు మొదటిసారి కనిపించారు. ఆ అరుపులో పాట కూడా ఉంది. ఆ బక్క కుర్రాడి గిటారు పైకి ఎంత కరుకుగా మోగినా, కింద ఒక చిన్న రాగం పరుగులు పెడుతూనే ఉండేది. అది ఒకసారి చెవిన పడితే ఇక వదలదు. ఇప్పుడు గొప్పవాళ్లుగా చెలామణి అవుతున్న బ్యాండ్లలో సగానికి అలాంటి రాగం ఒక్కటి కూడా లేదు. ఈ మాట హలీనాది మాత్రమే కాదు, చెవులున్న ఎవరైనా ఒప్పుకోవలసిందే.

వాళ్లు ఆగగానే హలీనా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. "ఇంకోటి వాయించండి" అంది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "ఏంటీ?" అన్నాడు బక్క కుర్రాడు.

"ఇంకోటి వాయించమంటున్నా. చెవుడా?"

"లేదు, ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకని అర్థం కాలేదు."

అతని పేరు డూగల్ పెట్రీ. ఉక్కు ఫ్యాక్టరీలో చేరి, పొద్దున్నే లేవడం చేతకాక, గేటు దగ్గర పడిగాపులు పడి పడి చివరికి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఆ అమ్మాయి మార్నీ, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. డ్రమ్ములవాడు టిబోర్, ఆ షెడ్డు వాళ్ల నాన్నది. పనివాళ్లు తిండి పెట్టుకుని వెళ్లే రేకు క్యారేజీల పేరే బ్యాండుకు పెట్టుకున్నారు. క్యారేజీ కింద పడితే ఎలా మోగుతుందో తామూ అలాగే మోగుతామని మార్నీ చెప్పింది. ఉన్నవి ఎనిమిది పాటలు. అన్నింటిలోకీ మంచిది 'గేటు మూసేశారు'. పనికి ఆలస్యంగా పోయినవాడి పాట అది. మాటలు కూడా దాదాపు అంతే.

ఆ రోజు నుంచి హలీనా వాళ్లకు అభిమాని, ప్రచారకర్త, వకీలు, అప్పుడప్పుడూ వంటమనిషి. స్తంభాలకు కాగితాలు అంటించింది. ఫ్యాక్టరీలో భోజనాల బల్ల దగ్గర పాడి వినిపించింది, పాపం ఆమెకు పాడటం రాదు. ఎక్కడ వాయించినా ముందు వరుసలో నిలబడింది. ఆ వరుసలో తరచుగా ఆమె ఒక్కతే ఉండేది. ఒక బారులో మూడో పాటకే యజమాని కరెంటు ప్లగ్గు పీకేశాడు. ఇంకో చోట మాజీ సైనికులు కౌబాయ్ పాటలు అడిగి, అవి రావంటే లేచి పోయారు. కాలేజీలో వాయిస్తే కళ్లజోళ్ల కుర్రాళ్లు చేతులు కట్టుకుని విని, లండన్‌లో ఇంతకంటే బాగా చేస్తున్నారన్నారు. వాళ్లలో ఒక్కడూ టొరంటో దాటి ఎరగడు! ఎక్కడా ఎనిమిది పాటలూ పూర్తిగా విన్నవాళ్లు లేరు.

ఏడాది తిరిగేసరికి డూగల్ మనసు విరిగిపోయింది. షెడ్డులో టైరు మీద కూర్చుని, గిటారు పెట్టెలో పెట్టేసి చెప్పాడు. "నేను పడమటికి పోతున్నా. నూనె బావుల్లో పనుందంట."

"బ్యాండో?" అంది హలీనా.

"ఏ బ్యాండు? చివరిదాకా విన్నవాడు ఒక్కడుంటే కదా బ్యాండు. మాది కారే కుళాయి చప్పుడు. ఎవడో ఒకడు విసుక్కుని లేచొచ్చి కట్టేస్తాడు."

"నేను వింటున్నా కదరా?"

"నువ్వు లెక్కలోకి రావే. నువ్వు ఆ రాయిలాంటి రొట్టె కూడా బాగుందంటావు."

హలీనాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు ఏడుపు వస్తే వెంటనే కోపం వస్తుంది, కోపం వస్తే వెంటనే ఉపాయం తడుతుంది. "జూన్ దాకా ఆగు. నా పెళ్లిలో వాయించు. ఊరంతా కూర్చుని చివరిదాకా వినేట్టు నేను చేస్తా. చెయ్యలేకపోతే స్టేషన్‌కు నీ పెట్టె నేనే మోస్తా" అంది.

పెళ్లికొడుకు లెషెక్ సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు. హలీనా ఏమన్నా "సరే" అనేవాడు. బ్యాండు సంగతి చెబితే కూడా సరే అన్నాడు. ఆ తర్వాత, "మీ నాన్నకు నువ్వే చెప్పు" అని కూడా అన్నాడు. మరీ అంత అమాయకుడేం కాదు.

బ్రోనెక్ కూతురి పెళ్లికి వాద్యాన్ని ఆమె పుట్టినప్పుడే నిర్ణయించేశాడు. జిగ్మంట్, అతని ముగ్గురు తమ్ముళ్లు తెల్ల కోట్లు వేసుకుని వచ్చి, తిత్తులు సాగదీస్తూ అకార్డియన్ల మీద పోల్కాలు, అంటే మా పోలిష్ పెళ్లిళ్ల గెంతుల పాటలు, వాయిస్తారు. మా పేటలో అందరి పెళ్లిళ్లకూ వాళ్లే. జిగ్మంట్ లేకపోతే పెళ్లే చెల్లదన్నట్టు ఉండేది బ్రోనెక్ వరస. కొలిమి దగ్గర ఇద్దరూ ఒకే జట్టు కూడా.

"టైర్ల కొట్టోళ్లా? నా కూతురి పెళ్లికా?" అన్నాడు బ్రోనెక్, సూపు గిన్నె పక్కకు నెట్టి. "ఒకేసారి నాలుగు ఖాళీ పీపాలు మెట్ల మీద దొర్లిస్తే సరిపోతుంది కదే, అవి తిండి కూడా అడగవు."

"నాన్నా, నువ్వు ఒక్క పాటైనా విన్నావా?"

"విననక్కర్లేదు. టిబోర్ గాడి మొహం చూశా, చాలు."

తండ్రీ కూతుళ్లు వారం రోజులు మాట్లాడుకోలేదు. మధ్యలో నలిగిపోయిన వాళ్లమ్మ స్టెఫా చివరికి గరిటె బల్ల మీద కొట్టి తీర్పు చెప్పింది. భోజనాల దాకా జిగ్మంట్ వాయిస్తాడు. పెళ్లికూతురి వరుసకు హలీనా కోరుకున్నవాళ్లు వాయిస్తారు. బ్రోనెక్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "వరుస అయ్యేలోపు ఆ క్యారేజీలు ఆగాయా, జిగ్మంట్ ఎక్కుతాడు. ఆ తర్వాత వాళ్ల పేరు నా ఇంట్లో ఎత్తకూడదు."

"ఒప్పుకున్నా" అంది హలీనా. లోపల గంతులేసింది. ఆమెకు కావలసింది సరిగ్గా ఆ వరుసే.

పెళ్లికూతురి వరుస అంటే మా పోలిష్ పెళ్లిళ్లలో ప్రాణం లాంటిది. భోజనాలయ్యాక పెళ్లికూతురు హాలు మధ్యలో నిలబడుతుంది. వచ్చినవాళ్లంతా వరుస కట్టి, తోడిపెళ్లికూతురు పట్టుకున్న ఏప్రన్‌లో తోచింది వేసి, గుక్కెడు విస్కీ తాగి, పెళ్లికూతురితో తలా ఒక చుట్టు ఆడాలి. అందరూ అయ్యాక పెళ్లికొడుకు వచ్చి ఆమెను ఎత్తుకుపోతాడు. చివరి మనిషి ఆడేదాకా ఎవరూ హాలు దాటకూడదు. వాద్యం ఆగకూడదు. ఆగితే కాపురం కూడా అలాగే నడిమధ్యలో ఆగుతుందని ముసలమ్మలు గట్టిగా నమ్ముతారు. మధ్యలో లేచి వెళ్లడానికి వీల్లేని జనం, కరెంటు పీకడానికి వీల్లేని హాలు! లంచ్ పెయిల్స్‌కు అలాంటి చోటు ఈ భూమి మీద ఇంకెక్కడా దొరకదని హలీనా లెక్క.

లెక్క బాగానే వేసింది. ఒక్క సంగతి మరిచిపోయింది. వాద్యం ఆగకూడదన్న ముక్క బ్యాండు వాళ్లకు చెప్పలేదు. ఆమె తప్పు కూడా కాదు. పుట్టినప్పటి నుంచీ అందరికీ తెలిసిన సంగతిని ఎవరైనా ఎవరికైనా ఎందుకు చెబుతారు? డూగల్ స్కాట్లండ్ వాళ్ల పిల్లాడు, టిబోర్‌ది హంగరీ, మార్నీ వాళ్ల ఇంట్లో పెళ్లిళ్లు కేకు కోసి ఇంటికి పోయే రకం.

జూన్‌లో పెళ్లి రోజున పోలిష్ హాలు కిటకిటలాడింది. ఎండాకాలం సాయంత్రం, వెలుతురు ఇంకా కిటికీల నిండా ఉంది. సూపు, కోడి కూర, సాసేజీ, పుల్ల క్యాబేజీ అన్నీ అయ్యాయి. జిగ్మంట్ సోదరులు చెమటలు తుడుచుకుంటూ దిగి, ముందు టేబుల్ దగ్గర బ్రోనెక్ పక్కన కూర్చున్నారు. అకార్డియన్లు పెట్టెల్లో పెట్టారు కానీ గొళ్లేలు వెయ్యలేదు. ఆ గొళ్లేలు హలీనా చూసింది.

లంచ్ పెయిల్స్ వేదిక ఎక్కారు. డూగల్ ఎవరిదో అరువు కోటు తొడుక్కున్నాడు, చేతులు మోచేతుల కిందికి చాలలేదు. మార్నీ జుట్టుకు ఆకుపచ్చ రంగు వేసుకుంది. "ఆ పిల్లకు ఏదైనా జబ్బా?" అని హలీనా మేనత్త బొగూషా పక్కావిడను గట్టిగానే అడిగింది. వరుస కట్టారు. గోడ వెంట మలుపు తిరిగి, కోట్లు తగిలించే గది దాకా పోయింది. మొదట ఆడవలసింది తండ్రి. బ్రోనెక్ కుర్చీలోంచి కదల్లేదు.

"నేను ఆఖర్న వస్తా. ముందు ఆ డబ్బాలు ఎంతసేపు మోగుతాయో చూద్దాం" అని చేతులు కట్టుకున్నాడు.

డూగల్ ఒకటి, రెండు అని అరిచి మొదలుపెట్టాడు. ముందు వరుసలో ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. విస్కీ గ్లాసులు టేబుళ్ల మీద వణికాయి. వరుసలో మొదట ఉన్న లెషెక్ బాబాయి గుక్కెడు తాగి, శిలువ గుర్తు వేసుకుని, హలీనా నడుం పట్టుకుని తిరిగాడు. తర్వాతివాడు వచ్చాడు. ఆ తర్వాతివాడు వచ్చాడో లేదో పాట అయిపోయింది.

హాలు మొత్తం గప్‌చుప్ అయింది. ఒక ముసలమ్మ "అయ్యో దేవుడా" అంది. లెషెక్ తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. బ్రోనెక్ మెల్లిగా జిగ్మంట్ వైపు తిరిగాడు. జిగ్మంట్ చెయ్యి అకార్డియన్ పెట్టె మీద పడింది. డూగల్ మాత్రం చప్పట్లు కొడతారేమోనని వంగి నమస్కారం పెడుతున్నాడు, అమాయక వెధవ.

హలీనా గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వేదిక దగ్గరికి పరిగెత్తింది. "ఎందుకాపావ్‌రా?"

"పాటైపోయింది కదా."

"వరుస అయ్యేదాకా ఆపకూడదు!"

డూగల్ తలెత్తి వరుసను చూశాడు. గోడ వెంట చూశాడు, మలుపు దాకా చూశాడు. "హలీనా, ఇక్కడున్నవాళ్లందరూనా? మాకున్నవి ఎనిమిది పాటలు! అన్నీ కలిపితే ఆమ్లెట్టు కూడా వేగదు!"

"అయితే అదే మళ్లీ వాయించు. అయిపోతే మళ్లీ మొదలెట్టు. ఆపితే మాత్రం నా మొగుడూ పోతాడు, మీ బ్యాండూ పోతుంది!"

టిబోర్‌కు ముందుగా బుర్ర వెలిగింది. ఇంకేమీ అడక్కుండా కర్రలు ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు. మార్నీ అందుకుంది. డూగల్ అరువు కోటు విప్పి విసిరేసి గిటారు మీద పడ్డాడు. బ్రోనెక్ జిగ్మంట్‌ను మోచేత్తో పొడిచాడు. "ఆగారు. చూశావుగా. లే మరి."

"ఊపిరి పీల్చుకున్నారంతే" అన్నాడు జిగ్మంట్. "నేనూ మధ్యలో విస్కీ తాగుతా కదా. ఇంకోసారి ఆగితే లేస్తా."

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు, ఒక్కొక్కరూ కాస్త కాస్త కలిపి. ఎనిమిది పాటలూ అయ్యాయి. మధ్యలో ఎక్కడా సందు ఇవ్వకుండా ఒకదాని తోకకు ఇంకోదాని తల అంటించి మళ్లీ మొదటికి వచ్చారు. ఆ వేగానికి మొదట్లో కాళ్లు తడబడిన జనం మెల్లిగా పట్టు దొరికించుకున్నారు. పెళ్లిళ్లలో ఆడీ ఆడీ అరిగిన కాళ్లవి, రెండు దెబ్బల నడక ఎక్కడున్నా పట్టేస్తాయి. జిగ్మంట్ వేళ్లు తనకు తెలియకుండానే టేబుల్ మీద కదులుతున్నాయి.

"ఇది పోల్కానేరా బ్రోనెక్. జ్వరమొచ్చిన పోల్కా" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాడు బ్రోనెక్.

'గేటు మూసేశారు' రెండోసారి వచ్చేసరికి వరుసలో ఉన్న కొలిమివాళ్లకు మాటలు చెవిన పడ్డాయి. పొద్దున్నే పరిగెత్తుకుంటూ పోతే మొహం మీద గేటు పడటం, సగం రోజు జీతం పోవడం తెలియనివాడు ఆ హాల్లో ఒక్కడు లేడు. ఎవడో వెనక నుంచి "గేటు మూసేశారు!" అని గొంతు కలిపాడు. మూడోసారికి గోడ వెంట వరుస వరుసంతా అరిచింది. కాలేజీ కుర్రాళ్లకు చేతులు కట్టుకుని విన్నా దొరకనిది వీళ్లకు ఒక్క గుక్క విస్కీతో దొరికింది. హలీనా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి గిరగిరా తిరుగుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆమె జీవితంలో అంతకంటే సంతోషం ఎరగదు. ఆ మాట తర్వాత లెషెక్ ఎదుటే చెప్పేది, అతను "సరే" అనేవాడు.

అయితే వేదిక మీద పరిస్థితి వేరు. డూగల్ గిటారు తీగ ఒకటి తెగింది. కాసేపటికి ఇంకోటి. గొంతు ఎప్పుడో పోయింది, ఇప్పుడు జనమే పాడుతున్నారు. టిబోర్ డ్రమ్ముల పక్కన ఇత్తడి పళ్లెం నిలబెట్టే కాడ విరిగి ఒరిగిపోతుంటే, అప్పుడే తన వంతు ఆడి వచ్చిన బొగూషా అత్త వేదిక ఎక్కి, చంకన సంచితో సహా నిలబడి ఆ కాడను రెండు చేతులతో పట్టుకుంది. టిబోర్ కొట్టినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకునేది, చేతులు మాత్రం వదల్లేదు. "కొట్టరా నాయనా, నా సంగతి చూడకు. ఆ పచ్చజుట్టు పిల్లకు ఎవరైనా నీళ్లు పట్టండే!" అని కేకలు పెడుతోంది.

వరుస తరిగిపోయింది. కోట్ల గది ఖాళీ అయింది, మలుపు ఖాళీ అయింది. పిల్లలు ఆడారు, చర్చి ఫాదరుగారు కూడా ఒక చుట్టు తిరిగారు. చివరికి ఆడనివాడు ఒక్కడు మిగిలాడు. బ్రోనెక్ చేతులు కట్టుకుని, కుర్చీలో పాతేసినట్టు కూర్చున్నాడు. అతను లేస్తే వరుస అయిపోతుంది, బ్యాండు నెగ్గుతుంది. లేవకపోతే వాళ్లు వాయిస్తూ ఉండాల్సిందే, ఎక్కడో ఒకచోట కూలిపోవాల్సిందే. అతనికి ఆ సంగతి బాగా తెలుసు. హాలుకూ తెలుసు. హలీనా ఒంటరిగా నేల మధ్యలో నిలబడి తండ్రి వైపు చూస్తోంది. బతిమాలితే లేస్తాడేమో. కానీ బతిమాలి గెలిపించిన గెలుపు వాళ్లకు ఇవ్వకూడదని ఆమె పెదవి కొరికి ఊరుకుంది.

మూడో తీగ తెగింది. డూగల్ వేళ్ల చివర్లు చిట్లి గిటారు మీద ఎర్రగా మరకలు పడ్డాయి. పాట కుంటుతోంది. సరిగ్గా అప్పుడు జిగ్మంట్ లేచి, పెట్టెలోంచి అకార్డియన్ తీసి భుజాన వేసుకున్నాడు. హలీనా వేదిక వైపు ఒక అడుగు వేసింది. బ్రోనెక్ మొహం వెలిగింది. జిగ్మంట్ మెట్లెక్కి డూగల్ పక్కకు వెళ్లాడు.

"ఆపను" అన్నాడు డూగల్, గొంతు లేకపోయినా.

"ఆపమని ఎవడన్నాడ్రా? ఏ శ్రుతిలో ఉన్నావు?"

"తెలీదు."

"తెలీదా? ఇంతసేపూ తెలీకుండానే వాయించావా?" జిగ్మంట్ గిటారు మీదికి వంగాడు. "పోనీ, మొదటి వేలు ఎక్కడ పెడతావో చూపించు."

డూగల్ చూపించాడు. జిగ్మంట్ చెవి ఒగ్గి, రెండు మూడు మెట్లు తడిమి, ఆ కరుకు హోరు కింద పరుగులు తీస్తున్న చిన్న రాగాన్ని పట్టేసుకున్నాడు. అకార్డియన్ నిండుగా ఊపిరి తీసుకుని దాన్ని హాలంతా పరిచింది. అప్పటిదాకా హలీనాకు మాత్రమే వినిపించింది ఇప్పుడు అందరికీ వినిపించింది. జనం ఒక్కసారిగా హో అని అరిచారు. తమ్ముళ్లు ముగ్గురూ అన్న మొహం చూసి తెల్ల కోట్లు సర్దుకుంటూ పైకి ఎక్కారు.

"నువ్వు కూడానారా జిగ్మంట్!" అని కేకేశాడు బ్రోనెక్.

"మాట్లాడకు, దెబ్బ తప్పుతుంది!" అని జిగ్మంట్ తిరిగి కేకేశాడు.

బ్రోనెక్ చుట్టూ చూశాడు. హాల్లో కూర్చున్నవాడు తనొక్కడే. మళ్లీ వేదిక వైపు చూశాడు. మూడు తీగల గిటారుతో, చిట్లిన వేళ్లతో, ఆ పనికిమాలిన బక్క వెధవ ఇంకా వాయిస్తున్నాడు. గేటు దాకా టైముకు రాలేనివాడు, వచ్చాక మాత్రం పని వదల్లేదు. కొలిమిలో ఉక్కు మరుగుతున్నప్పుడు మధ్యలో వదిలి వచ్చేవాణ్ణి బ్రోనెక్ ఎప్పుడూ క్షమించలేదు. వదలనివాణ్ణి ఎప్పుడూ వదులుకోలేదు. ప్యాంటు దులుపుకుని లేచాడు. ఏప్రన్‌లో వెయ్యవలసింది వేశాడు, విస్కీ తాగాడు, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమెను రెండు చుట్లు తిప్పాడు. "కొలిమి తలుపు ఎత్తినప్పుడు ఇలాగే మోగుతుంది" అన్నాడు చివరికి. "రోజూ వినేదే కదా, పెళ్లిలో కూడా ఎందుకనుకున్నా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కాళ్లు ఆగట్లేదు. ఏం చెయ్యమంటావు?"

హలీనా తండ్రి భుజం మీద మొహం పెట్టుకుంది. లెషెక్ వచ్చి ఆమెను ఎత్తుకోబోయాడు. వరుస అయిపోయినట్టే. డూగల్ చెయ్యి ఎత్తి ఆపబోయాడు. బ్రోనెక్ వేదిక వైపు వేలెత్తి గర్జించాడు. "ఎవడ్రా ఆపేది? ఆ గేటు పాట మళ్లీ ఎత్తుకో!" అల్లుణ్ణి పక్కకు తోసి, గబగబా నడిచి పోయి, కోట్ల గది దగ్గర గోడకు ఆనుకుని మళ్లీ వరుసలో నిలబడ్డాడు. అతని వెనక బొగూషా అత్త మొగుడు నిలబడ్డాడు. ఆ వెనక కొలిమివాళ్లంతా నిలబడ్డారు. లెషెక్ "సరే" అని తనూ పోయి నిలబడ్డాడు.

డూగల్ పడమటికి పోలేదు. తర్వాత మూడేళ్లు లంచ్ పెయిల్స్ మా పేటలో ఎన్ని పెళ్లిళ్లకు వాయించారో లెక్క లేదు. పోలిష్ వాళ్లే కాదు, యుక్రేనియన్లు పిలిచారు, ఇటాలియన్లు పిలిచారు, పోర్చుగీసు వాళ్లు రెండు ఊళ్ల అవతల నుంచి వచ్చి పిలిచారు. బారులవాళ్లు మాత్రం చివరిదాకా పిలవలేదు, అది వాళ్ల ఖర్మ. రికార్డు కూడా వెయ్యలేదు. ఆ కాలపు సంగీతం గురించి ఈమధ్య వచ్చిన లావుపాటి పుస్తకాల్లో వెతికితే ప్లగ్గు పీకిన బారు పేరుంది కానీ వీళ్ల పేరు లేదు. ఆ తర్వాత మార్నీకి పిల్లలు పుట్టారు, టిబోర్ షెడ్డు చూసుకోవలసి వచ్చింది, డూగల్‌ను లెషెక్ బస్సు డిపోలో చేర్పించాడు. పొద్దున డ్యూటీలు ఒద్దని ముందే చెప్పి మరీ చేర్పించాడు.

హలీనా వాషింగ్ మెషిన్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా అక్కడే పనిచేసింది. పిల్లల్ని పెంచింది, తండ్రిని సాగనంపింది, ఓడిపోయే హాకీ జట్టును మాత్రం వదల్లేదు. పోయిన ఏడాది అదే హాల్లో ఆమె మనవరాలి పెళ్లి జరిగింది. పెళ్లికూతురి వరుసకు వాయించడానికి పక్క ఊరి నుంచి వచ్చిన బృందంలో అకార్డియన్ వాయించేది ఇరవై దాటని అమ్మాయి. వరుస కట్టగానే ఆ అమ్మాయి మొదలుపెట్టిన రాగం విని హలీనా కుర్చీలోంచి లేచి నిలబడింది. మాటలు అరిగిపోయాయి. వేగం కూడా కాస్త తగ్గింది. రాగం మాత్రం మచ్చ పడకుండా ఉంది. చరణం చివర జనమంతా గుప్పిళ్లెత్తి "హేయ్!" అని అరుస్తున్నారు, ఎందుకు అరుస్తున్నారో వాళ్లకు తెలియదు.

వరుస అయ్యాక హలీనా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. "ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఇదా బామ్మా? చాలా పాతది. ఇది లేకపోతే ఇక్కడ పెళ్లిళ్లు అవ్వవు కదా, మా అంకుల్ దగ్గర మొట్టమొదట నేర్చుకున్నదే ఇది. పోలండ్ కొండల్లో పుట్టిందంట. రాసినాయన పేరు ఎవరికీ తెలీదు. పోయి రెండు వందల ఏళ్లు అయ్యుంటుంది."

హలీనాకు నవ్వు ఆగలేదు. టేబుల్ అంచు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. లండన్‌లో ఇంతకంటే బాగా చేశారంట! చేశారు సరే, వాళ్ల పాట ఏ ఊళ్లో, ఏ హాల్లో తాతల నాటిదైంది?

"పోలేదమ్మా" అంది. ఆ అమ్మాయి భుజం పట్టుకుని కిటికీ పక్క టేబుల్ వైపు తిప్పింది. అక్కడ తెల్లజుట్టు బక్క ముసలాయన ఒకాయన, చొక్కా మీద పొడి రాల్చుకుంటూ, గసగసాల కేకు మూడో ముక్క తింటున్నాడు. "అదిగో, ఆయనే. పేరు డూగల్ పెట్రీ. పద, నువ్వే పోయి చెప్పు ఆయనకు, ఇది లేకపోతే ఇక్కడ పెళ్లిళ్లు అవ్వవని."